వదిన తలగడ దగ్గర డబ్బా

మా అన్నయ్యంత బాధ్యత గల మనిషి సంఘం మొత్తంలో లేడని మా చర్చిలో అందరూ అనేవారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. ఇన్నేళ్ళయినా ఆ మంట చల్లారలేదు. వాడికి ఆ పేరు తెచ్చిపెట్టింది ఒక డబ్బా. ఆ డబ్బా బిగించింది నా మంచం తలవైపు.

నాకు మూర్ఛ జబ్బు. హైస్కూల్లో ఉండగా మొదలైంది. పగలు ఎప్పుడూ రాలేదు. నిద్రలోనే వచ్చేది. కాళ్ళూ చేతులూ కొయ్యబారిపోయి, తర్వాత కొట్టుకునేవట. నాకు ఏమీ తెలిసేది కాదు. తెల్లారాక నాలుక పుండై ఉంటేనో, అమ్మ మొహం చూస్తేనో తెలుసుకోవడమే. పెద్దాసుపత్రి మాత్రలతో కొంత తగ్గింది గాని పూర్తిగా పోలేదు. అమ్మ ఉన్నన్నాళ్ళూ నా పక్కనే పడుకునేది. తన కొంగు నా చేతికి ముడివేసుకునేది. నేను కదిలితే ఆవిడకు మెలకువ వచ్చేది. అంతకుమించిన ఏర్పాటు మా ఇంట్లో ఎప్పుడూ లేదు, ఎవరికీ అవసరం పడలేదు.

అమ్మ పోయాక అన్నయ్య నన్ను తన క్వార్టర్స్‌కి తీసుకొచ్చాడు. వాడు రేవులో కరెంటు పని చేసేవాడు. రెండు గదులు, మధ్యలో ఒక హాలు, వెనక వంటిల్లు. ఆరేసిన బట్టల మీద సాయంత్రానికి ఎర్ర దుమ్ము పడేది. రేవులో ఖనిజం ఎత్తే చోటు నుంచి వచ్చే దుమ్ము అది. తెల్ల చీర కట్టుకుని ఆదివారం చర్చికి వెళ్ళడం ఆ క్వార్టర్స్‌లో ఒక పరీక్ష. ఉక్కు ఫ్యాక్టరీకి నేల చదును చేస్తున్న రోజులవి. అందులో ఉద్యోగం వస్తుందని ఊళ్ళో ప్రతి మగవాడూ కలలు కంటున్నాడు. నా కల చిన్నది. టీచరు ట్రైనింగు అయిపోయింది. ఎలమంచిలిలో ఒక బడివాళ్ళు జూన్‌లో చేరమన్నారు. అక్కడే ఆడపిల్లల హాస్టల్లో ఉండి, వాళ్ళని చూసుకుంటూ పాఠాలు చెప్పాలి. రైలెక్కితే ఎంతో దూరం కాదు. కాని అది మా అన్నయ్య ఇల్లు కాదు. నాకు కావలసింది అంతే.

వదినకీ నాకూ మొదటి రోజు నుంచీ పడలేదు. కారణాలు అడిగితే చాలా చెప్పగలను గాని, ఒక్కటీ పెద్దది కాదు. నేను అన్నంలో రాళ్ళు ఏరుతుంటే ఆవిడకి కోపం. ఆవిడ చెప్పులీడ్చుకుంటూ నడిస్తే నాకు కోపం. రెండు గదుల ఇంట్లో ఇంతకంటే పెద్ద కారణాలు పట్టవు.

ఉద్యోగం సంగతి చెప్పగానే అన్నయ్య వద్దన్నాడు. రాత్రిళ్ళు అక్కడ ఎవరు చూస్తారన్నాడు. ఇక్కడ మాత్రం ఎవరు చూస్తున్నారని అడిగాను. ఆ మాట వాడికి గుచ్చుకుంది. నాలుగు రోజుల తర్వాత సైకిల్ క్యారియర్‌కి ఒక గోనె మూట కట్టుకుని వచ్చాడు.

పాత ఓడలు విప్పి అమ్మే తుక్కు దుకాణాల్లో దొరికిందట. ఓడలో కెప్టెను పైనుంచి కింద ఇంజను గదిలో వాళ్ళతో మాట్లాడే సామాను. రెండు ఇనప డబ్బాలు, బూడిద రంగు, ముందు చిల్లులు చిల్లులుగా జల్లెడ. అన్నయ్య ఆదివారం మధ్యాహ్నమంతా కూర్చుని ఒక డబ్బాని నా మంచం తలవైపు గోడకి బిగించాడు. రెండోదాన్ని తన గదిలో మంచం పక్కన పెట్టాడు. మధ్యలో వైరు వెంటిలేటర్లోంచి హాలు దాటించాడు. నా గదిలో చీమ చిటుక్కుమన్నా వాళ్ళ గదిలో వినిపిస్తుంది. వాళ్ళ గదిలో మాటలు మాత్రం నాకు వినపడవు. అలా ఎందుకని అడిగితే, అవసరం లేదు కదా అన్నాడు.

రెండో డబ్బా మంచానికి ఏ పక్క పెట్టాడో ఆ రోజు నేను పట్టించుకోలేదు. వదిన పక్క పెట్టాడు. తనకి షిఫ్టులు, నిద్ర కావాలి, కరెంటుతో పని, కునుకు పడితే ప్రాణాలు పోతాయని చెప్పాడు. ఇందులో అబద్ధం ఏమీ లేదు. అందుకే ఎవరూ కాదనలేకపోయారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర షరతు చెప్పాడు. జూన్ వచ్చేవరకూ ఆ డబ్బాలో మూర్ఛ వినబడకపోతే, జబ్బు తగ్గినట్టే లెక్క, ఎలమంచిలి వెళ్ళచ్చు. ఒక్కసారి వినబడినా ఆ మాట ఎత్తకూడదు. అంటే నా ఉద్యోగం, నా బతుకు, అన్నీ తీసుకెళ్ళి వదిన చెవిలో పెట్టాడు. వదిన మజ్జిగ పోస్తూ నా వైపు ఒకసారి చూసింది. ఆవిడ చేతిలో గరిటె ఉంది గాని నాకు కొరడాలా కనబడింది.

ఇక్కడ మా ఇళ్ళలో ఒక పద్ధతి గురించి చెప్పాలి. రాత్రి భోజనాలకి ముందు కుటుంబ ప్రార్థన ఉండేది. చాప మీద మోకరించి, కళ్ళు మూసుకుని, ఒకరి తర్వాత ఒకరు పైకి ప్రార్థన చెయ్యాలి. ఒకళ్ళు ప్రార్థనలో ఉండగా మరొకరు మాట్లాడకూడదు. ఇల్లు తగలబడుతున్నా ఆమేన్ అనేదాకా ఆగాల్సిందే. అందుకని మాలాంటి ఇళ్ళలో పగలంతా మింగిన మాటలన్నీ ఆ చాప మీదే బయటికి వచ్చేవి. దేవుడికి చెబుతున్నట్టు చెప్పడం, పక్కనున్నవాళ్ళకి తగిలేలా చెప్పడం. అదీ మామూలు మాటల్లో కాదు, చర్చి తెలుగులో.

వదిన అందులో ఆరితేరిన మనిషి. "ప్రభువా, ఈ గృహములో కొందరికి పొద్దెక్కువరకు మెలకువ రాదు. వారికి చురుకైన శరీరమును దయచేయుము," అనేది. నా వంతు వచ్చినప్పుడు నేను ఆవిడ నోటికి కావలి ఉంచమని దేవుణ్ణి వేడుకునేదాన్ని. అన్నయ్య ఇవేవీ పట్టనట్టు ఊరందరి క్షేమం కోరి ఆమేన్ అనేవాడు.

అదికాక, పడుకోబోయే ముందు ఒంటరిగా మోకరించి ప్రార్థన చేసుకోవడం అమ్మ నాకు నేర్పింది. అది కూడా పైకే. మనసులో చేసుకుంటే నిద్ర వచ్చేస్తుందని ఆవిడ నమ్మకం. డబ్బా బిగించిన మొదటి వారం అలవాటు కొద్దీ చేసుకున్నాను. నన్ను ఈ ఇంట్లోంచి బయటపడెయ్యమని, ఆ రాక్షసి నోరు పడిపోవాలని, ఇంకా ఇక్కడ రాయలేనివి కొన్ని అడిగాను. నా తల మీదే ఆ జల్లెడ ఉందన్న సంగతి నా బుర్రకి తట్టలేదు.

ఆ వారం తిరక్కుండానే ఒక సాయంత్రం చాప మీద వదిన వంతు వచ్చింది. ఆవిడ గొంతు తేనెలా ఉంది.

"ప్రభువా, నా నోరు పడిపోవలెనని నిన్ను వేడుకొనువారు ఈ ఇంటనే ఉన్నారు. వారిని క్షమించుము. అది పడిపోయిన యెడల, వారికి వండిపెట్టుటకు నా చేతులనైనను మిగుల్చుము. ఆమేన్."

నా మొహం కాలిపోయింది. సిగ్గు కాదు, కోపం. నేను దేవుడికి చెప్పుకున్నది ఈవిడ తలగడ మీద పడుకుని విన్నది. మరొకరైతే ఆ రోజు నుంచి నోరు మూసుకునేవాళ్ళు. నేను ఇంకా గట్టిగా మొదలుపెట్టాను. రోజూ దీపం ఆర్పగానే ఆ జల్లెడకి ఎదురుగా మోకరించి, వదిన పుట్టింటివాళ్ళ దగ్గర్నుంచి ఆవిడ పెట్టే చేపల పులుసు దాకా దేవుడి దృష్టికి తెచ్చేదాన్ని. ఆవిడ వినకుండా ఉండలేదు. చెవి మూసుకుంటే మూర్ఛ వినబడదు. మర్నాడు సాయంత్రం జవాబు వచ్చేది. మేమిద్దరం ఆ రోజుల్లో చేసినంత ప్రార్థన జీవితంలో మరెప్పుడూ చేసి ఉండం.

ఈలోగా సంఘంలో డబ్బా సంగతి పాకింది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు అయ్యగారు, ఇద్దరు పెద్దలు చూడ్డానికి వచ్చారు. అన్నయ్య వాళ్ళని తన గదిలో కుర్చీల్లో కూర్చోబెట్టి, నన్ను నా గదిలో మంచం మీద పడుకోమన్నాడు. పట్టపగలు, ఇస్త్రీ చీరతో. ఒక పెద్దమనిషి హాల్లోంచి కేకేసి, దగ్గమన్నాడు. దగ్గాను. గట్టిగా ఊపిరి తియ్యమన్నాడు. తీశాను. అవతలి గదిలో మెచ్చుకోలుగా నవ్వులు. అందరూ టీలు తాగి, చెల్లెలి కోసం ఇంత శ్రమపడే అన్న దొరకడం నా భాగ్యమని చెప్పి, అలాంటిది చర్చి మైకుకి కూడా పనికొస్తుందేమో చూడమని అన్నయ్యకి పురమాయించి వెళ్ళారు. రాత్రిళ్ళు వింటున్నది ఎవరని ఒక్కరూ అడగలేదు. వదిన వాళ్ళ టీ కప్పులు కడుక్కుంటూ కూర్చుంది.

అప్పటికి ఆవిడ కళ్ళ కింద నలుపు తిరిగింది. నేను మంచం మీద అటు తిరిగినా, నులక కిర్రుమన్నా, నిద్రలో మూలిగినా ఆవిడకి మెలకువ వస్తుంది. పక్కింటావిడకి చెబుతుంటే విన్నాను. ఒకరోజు పొయ్యి దగ్గర కూర్చునే నిద్రపోయింది. అన్నం మాడి ఇల్లంతా పొగ. అన్నయ్య కేకలేశాడు. పగలంతా ఇంట్లో ఉండి ఆ మాత్రం చూసుకోలేవా అన్నాడు. నాకు జాలి కలగలేదు. లోపల సంతోషంగానే ఉంది. నిజం చెబుతున్నాను, ఆ మాడు వాసన నాకు బాగుంది.

నా సంతోషానికి మరో కారణం కూడా ఉంది. పొద్దున్నే అన్నయ్య డ్యూటీకి బయల్దేరుతూ వదినని అడిగేవాడు, రాత్రి ఎలా ఉందని. ఏటీ నేదు అనేది వదిన. నెలలు గడుస్తున్నాయి. ఏప్రిల్ దాటి మే వచ్చింది. నాకు జబ్బు తగ్గిపోయిందని నమ్మాను. అప్పుడప్పుడు ఒళ్ళు నొప్పులుగా లేస్తే, మంచం నులక వదులైంది కదా అనుకున్నాను. బీచ్ రోడ్డున ఒంటరిగా నడిచాను. నేనూ అందరిలాంటి మనిషినేనని మొదటిసారి అనిపించింది. ఎలమంచిలి వెళ్ళడానికి కొత్త చీరలు రెండు కొనుక్కున్నాను.

ఆ తర్వాత ఒక రాత్రి, ఎప్పుడో నాకు తెలివి వచ్చేసరికి లైటు వెలుగుతోంది. నోట్లో రక్తం రుచి. నేను పక్కకి ఒత్తిగిలి ఉన్నాను. తల కింద తడి తువ్వాలు ఉంది. వదిన నేల మీద కూర్చుని, దుప్పటి మీది మరక సబ్బుతో రుద్దుతోంది. ఏ హడావుడీ లేదు. కొత్త పని చేస్తున్న మనిషిలా లేదు ఆవిడ. నన్ను చూసి, లైటార్పి, దుప్పటి పట్టుకుని వెళ్ళిపోయింది.

తెల్లవార్లూ ఏడ్చాను. జూన్ పోయింది. ఎలమంచిలి పోయింది. పొద్దున్న అన్నయ్య చెప్పులు వేసుకుంటూ మామూలుగా అడిగాడు. నేను తలుపు పక్కన నిలబడి విన్నాను.

"ఏటీ నేదు," అంది వదిన. "బాగానే పడుకుంది."

ఎప్పుడో వాడుకోవడానికి దాచుకుంటోందనుకున్నాను. ఆ సాయంత్రం చాప మీద ఆవిడ ప్రార్థన కోసం కాచుకున్నాను. వానలు కోరింది, వాళ్ళ నాన్న కీళ్ళనొప్పులు తగ్గాలని కోరింది, ఆమేన్ అంది. ఇక నా వల్ల కాలేదు. మర్నాడు పెరట్లో బట్టలు ఉతుకుతుంటే పోయి నిలదీశాను. ఎందుకు చెప్పలేదని అడిగాను.

"సెప్తే ఏటవుద్ది? నువ్విక్కడే ఉంటావు. మొన్నది మూడోది. ముందు రెండూ నీకు తెలీవు. ఒత్తిగిలబెట్టి, మూతి తుడిసి ఎల్లిపోయేను. నీ మీద పేమనుకోకు. నువ్వు జూన్లో ఎల్లిపోతే నాను కంటినిండా పడుకుంటాను. అందుకే సెప్పలేదు."

అలా మొహం మీద కొట్టినట్టు చెప్పింది. నేను కృతజ్ఞతతో కరిగిపోయానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. నాకు కళ్ళు ఎర్రబడ్డాయి. జబ్బు తగ్గిందని నమ్మించింది. ఆ నమ్మకంతో నేను ఎలమంచిలి పోయి, ఎవరికీ చెప్పకుండా, ఒక మూలగదిలో తలుపేసుకుని పడుకుని, ఒక రాత్రి తలగడలో మొహం పెట్టుకుని ఊపిరాడక పోయేదాన్ని. తన నిద్ర కోసం ఆవిడ నన్ను చావుకి పంపిస్తోంది. అదే అన్నాను. నాను సావమన్నానేటి, పొమ్మన్నాను అంతే, అంది ఆవిడ. సబ్బు చేత్తో జుట్టు వెనక్కి తోసుకుంది. అప్పుడు చూశాను ఆవిడ కళ్ళు. గుంటల్లో ఉన్నాయి. పట్టుమని ముప్ఫై ఏళ్ళు లేని మనిషి.

నా కోపం ఆవిడ మీంచి పోలేదు. కాని దానికి ఇంకో మనిషి తోడయ్యాడు. ఆ మధ్యాహ్నం వాళ్ళ గదిలోకి వెళ్ళి చూశాను. డబ్బా వదిన తలగడ దగ్గర ఉంది. అన్నయ్య తలగడ అవతల గోడవైపు ఉంది, మెత్తగా, మధ్యలో గుంట పడి. ఇన్ని నెలలుగా వాడు నన్ను చూసుకుంటున్నాడని ఊరంతా అంటుంటే, వాడు చేసింది ఒక ఆదివారం మధ్యాహ్నం పని. మిగతాదంతా ఆవిడ చేసింది, మేమిద్దరం ఒకరి నోరు ఒకరం పడిపోవాలని కోరుకుంటుంటే వాడు హాయిగా పడుకున్నాడు.

ఆ సాయంత్రం నా వంతు వచ్చింది. ఆమేన్ అనేదాకా ఎవరూ నన్ను ఆపలేరు. నేను ఆమేన్ అనదలచుకోలేదు.

ప్రభువా, అని మొదలుపెట్టి అంతా చెప్పాను. నాకు ఈ ఇంట్లో మూడుసార్లు మూర్ఛ వచ్చిందని చెప్పాను. వదిన దాచిందని చెప్పాను. నేను ఎలమంచిలి వెళ్ళి తీరతానని, నా జబ్బు సంగతి అక్కడి హెడ్‌మిస్ట్రెస్‌తో నేనే చెప్పుకుంటానని చెప్పాను. అక్కడ హాస్టల్ హాల్లో పిల్లలు చాపలేసుకుని వరసగా పడుకుంటారు, వాళ్ళ మధ్యన పడుకుంటాను, నా పక్కన ఒక మనిషి ఉంటుంది, డబ్బా ఉండదు. అప్పటికే అన్నయ్య గొంతు సవరించుకుంటున్నాడు. నేను ఆగలేదు.

"తండ్రీ, నా సహోదరుడు నన్ను ప్రేమించుచున్నాడని అందరూ చెప్పుచున్నారు. ఆ డబ్బాను ఒక్క రాత్రి అతని తలగడ దగ్గర పెట్టుకొను మనస్సు అతనికి దయచేయుము. ఒక్క రాత్రి అతడు వినును గాక. అతడు వినును గాక. అతడు..."

"ఇంక సాల్లే," అన్నాడు అన్నయ్య. మా ఇంట్లో ప్రార్థన మధ్యలో మాట్లాడిన మొదటి మనిషి వాడే.

"ఆమేన్," అంది వదిన. గట్టిగా అంది.

అన్నయ్యకి పౌరుషం పొడుచుకొచ్చింది. మీరిద్దరూ కలిసి నన్ను చేతకానివాణ్ణి చేస్తున్నారా అన్నాడు. డబ్బా తీసి తన వైపు పెట్టుకున్నాడు. ఈ ఒక్క రాత్రి కాదు, వారం రోజులు తనే వింటానన్నాడు. వదిన చాప తీసుకుపోయి వంటింట్లో పరుచుకుంది, తలుపు దగ్గరగా వేసుకుంది. తల ఆనించిందో లేదో గురక.

నేను నిద్రపోలేదు. ఇంటి చప్పుళ్ళన్నీ సద్దుమణిగాక, మంచం మీద కూర్చుని, ఆ జల్లెడకి నోరు దగ్గరగా పెట్టి మామూలు గొంతుతో పిలిచాను.

"అన్నియ్యా. నాకు బాగోలేదు. ఓపాలి రా."

ఎవరూ రాలేదు. కాసేపటికి మళ్ళీ పిలిచాను. ఈసారి కొంచెం గట్టిగా. రేవులో ఏదో ఓడ కూత వేసింది. తర్వాత గోడ మీద గుప్పిటతో కొట్టాను. ఊపిరి బిగబట్టి విన్నాను. హాలు అవతల నుంచి వాడి గురక, సాఫీగా, ఎక్కడా తెగకుండా వస్తోంది. అప్పటిదాకా వాణ్ణి ఓడించాలనే ఉంది నాకు. ఆ గురక వింటుంటే భయం వేసింది. ఇప్పుడు నిజంగానే వస్తే అనుకున్నాను. గోడకి వీపు ఆనించి, పడుకోకుండా, తెల్లారేదాకా అలాగే కూర్చున్నాను.

పొద్దున్న వదిన లేచేసరికి బాగా వెలుగొచ్చింది. ఆవిడ అంత పొద్దెక్కేదాకా పడుకోవడం నేనెప్పుడూ చూడలేదు. అన్నయ్య టీ తాగుతూ హాల్లో కూర్చున్నాడు. రాత్రి ఎలా ఉందని వదిన అడిగింది.

"రాత్రల్లా ఇంటానే ఉన్నాను," అన్నాడు. "ఏటీ నేదు. బాగా పడుకుంది."

నిన్ను చాలాసార్లు పిలిచానని చెప్పాను. గోడ మీద కొట్టానని చెప్పాను. వాడు నా మొహం వంక చూశాడు, వదిన వంక చూశాడు. తర్వాత టీ గ్లాసు కింద పెట్టి, గదిలోకి పోయి, డబ్బా ఊడదీసి తెచ్చాడు. దీన్లో ఏదో లోపం ఉండుంటుందన్నాడు. చాప మీద గుడ్డ పరిచి, స్క్రూలన్నీ విప్పి, ఒక్కొక్క వైరూ పట్టి లాగి చూశాడు. జల్లెడ ఊదాడు. మళ్ళీ బిగించి, నన్ను లోపలికి పోయి మాట్లాడమన్నాడు. నేను కదల్లేదు. వదిన వెళ్ళింది. నా గదిలోంచి ఆవిడ గొంతు డబ్బాలో ఖణీమని పలికింది.

"ఇనబడతందా?"

"ఇది బాగానే పన్సేత్తందే," అన్నాడు అన్నయ్య, మాకు చెబుతున్నట్టు.

నేను ట్రంకు పెట్టె కిందికి దించి, బట్టలు సర్దుకోవడం మొదలుపెట్టాను.